అప్పగింతలకి దాచిన రెండు ఫొటోలు

ఆ పెళ్ళిలో నేను మెడలోంచి కెమెరా తీసి తలంబ్రాల పళ్ళెం పక్కన పెట్టేసి, "ఇదిగోండి, ఇక మీరే తీసుకోండి" అన్నాను పెళ్ళికొడుకు మేనమామతో. తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పెద్దమనిషి పొద్దుటినుంచీ ప్రతి ఫొటోలోనూ తల దూర్చి "ఏవండీ, నేను పడ్డానా?" అని ఒకటే గోల. కాళ్ళు కడుగుతుంటే అడిగాడు, జీలకర్రా బెల్లం పెడుతుంటే అడిగాడు, ఆఖరికి తాళి కడుతుంటే పెళ్ళికూతురి తల్లిని పక్కకి నెట్టి మరీ వచ్చి నిలబడి అడిగాడు. నాకు తిక్క రేగింది. ఆ తిక్క మా నాన్న నుంచి వచ్చిన ఆస్తి. ఎవరో పెద్దాయన గడ్డం పట్టుకుని బతిమాలితే మళ్ళీ కెమెరా అందుకున్నాను గానీ, ఆ తర్వాత తీసిన ఫొటోలన్నీ చేతులు తీశాయే తప్ప నేను తీయలేదు.

తాడేపల్లిగూడెంలో మాదొక చిన్న స్టూడియో. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, బాప్తిస్మాలు, స్కూలు గ్రూపు ఫొటోలు. ఉంగుటూరు వైపు ఏ ఊళ్ళో సన్నాయి మోగినా అక్కడ నేనుండేవాణ్ణి. "ఇటు చూడండి, కొంచెం నవ్వండి" అని ఎన్నిసార్లు అన్నానో ఆ భగవంతుడికే తెలియాలి. నిద్దట్లో కూడా అంటున్నానని మా ఆవిడ చెప్పేది. ఆల్బమ్‌లో ఫొటోలు అతికించే పని ఆవిడదే కాబట్టి నా సంగతి నాకన్నా ముందు ఆవిడకే తెలిసింది. ఆ పెళ్ళి ఫొటోలు ముందేసుకుని చాలాసేపు చూసి, "మీకు మనుషులంటే మొహం మొత్తిందండీ" అంది.

"మనుషులు కాదు, మేనమామలు" అన్నాను.

"ఎవరైతేనేం. ఎలాగూ శూన్యమాసం పడింది, ముహూర్తాలు లేవు. అన్నయ్య రమ్మంటున్నాడు కదా, వెళ్ళి రండి."

అన్నయ్య అంటే కైకలూరులో ఉన్న మా బావ. చేపల చెరువులకి మేత అమ్మే కొట్టు ఆయనది. ఆయన రమ్మంటున్నది చుట్టపుచూపుకి కాదు. ఇంకో కొట్టు తెరుస్తున్నాడు, దాంట్లో కూర్చోడానికి నమ్మకమైన మనిషి కావాలి. "స్టూడియో మూసెయ్యి బావా. డిజిటల్ కెమెరాలు వస్తున్నాయి, రేపు ప్రతివాడూ ఫొటోగ్రాఫరే" అని ఫోన్లో పోరు పెడుతున్నాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే నాకు మంట. కెమెరా వదిలేయాలా, పట్టుకుని వేలాడాలా? ఆ పెళ్ళి తర్వాత సగం మనసు అప్పటికే మేత కొట్టులో కూర్చుంది. సరే, చూసొద్దామని బయలుదేరాను. కెమెరా మాత్రం సంచిలో పడేసుకున్నాను. కళ్ళజోడు పెట్టుకున్నట్టే అదీ, దాని గురించి ఆలోచించం. లోపల ముప్పై ఆరు ఫొటోల రీలు ఒకటి ఉంది.

ఏలూరులో రైలు దిగి కైకలూరు బస్సెక్కాను. ఆ దారిన నేను చాలాసార్లు వెళ్ళాను. ఎటు చూసినా చెరువుగట్లే, గట్ల మధ్య నీళ్ళు, గట్ల మీద కాపలా పాకలు. కొల్లేరు ఎక్కడా అంటే ఇదే కొల్లేరు అనేవాళ్ళు, మనం నమ్మాలి. అయితే అది సర్కారువాళ్ళు సరస్సులో చేపల చెరువుల గట్లన్నీ కొట్టేసిన ఏడు. ఆ వర్షాకాలం వచ్చిన నీళ్ళు ఇంకా తియ్యలేదు. బస్సు కొల్లేట్లోకి దిగగానే కిటికీ పక్కన కూర్చున్న నేను "ఓరి నాయనో" అని పైకే అనేశాను. నీళ్ళు! అటు నీళ్ళు, ఇటు నీళ్ళు, మధ్యలో రోడ్డు, రోడ్డు మీద మా బస్సు. ఆకాశం ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియట్లేదు. అభయారణ్యం అని బోర్డొకటి ఉంది, అరణ్యం అన్నారు గానీ చుట్టుపక్కల చెట్టన్నది లేదు. నా పక్కనున్నాయన గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. తట్టి లేపి చూపిద్దామా అనిపించింది.

ఆ సాయంత్రం బావ కొత్త కొట్టు చూపించాడు. షట్టర్ ఎత్తాడు, తవుడు బస్తాలూ వేరుశనగ చెక్క బస్తాలూ ఎక్కడ వేస్తారో చూపించాడు, కుర్చీ ఎక్కడ వేస్తే ఫ్యాను గాలి తగులుతుందో చూపించాడు. నేను మాత్రం, "బావా, రేపు పొద్దున్నే ఆ నీళ్ళల్లోకి వెళ్ళాలంటే ఎలా?" అన్నాను.

"నీళ్ళల్లో ఏముంది బావా?"

"అదే చూద్దామని."

నన్ను ఎగాదిగా చూసి, తెలిసినావిడ ఉంది చెప్తాలే అన్నాడు. "పై ఆదివారానికల్లా ఏ సంగతీ చెప్పెయ్యి మరి. ఇంకొకాయన కూడా అడుగుతున్నాడు" అని కూడా అన్నాడు.

తెల్లవారేసరికి రోడ్డు పక్క రేవులో ఉన్నాను. మంచు కప్పేసింది. తాటిదోనె ఒకటి ఒడ్డున ఆగి ఉంది, అంటే తాటిమానుని తొలిచి చేసిన సన్నని పడవ. దాని పక్కన చీర మోకాళ్ళ పైకి దోపుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. కొల్లేటి మధ్య లంకలో ఇల్లు, వెదురు బుట్టల్లాంటి మావులు నీళ్ళల్లో వేసి చేపలు పడుతుంది.

"గూడెం ఫొటోగ్రాఫరు గారు మీరేనాండీ? నడుమ కూర్చోండి. కదలకండి. ఇది కుర్చీ కాదండీ, గుర్రం" అంది.

కూర్చున్నాను. ఆవిడ నా వెనక నిలబడి గెడ వేసింది. వెదురు గెడ నీళ్ళల్లో గుచ్చి ఒక్క తోపు తోసిందంతే, చప్పుడు లేకుండా దోనె మంచులోకి దూరిపోయింది. కిక్కిస గడ్డి పక్కనుంచి పోతుంటే మంచు చుక్కలు మెడ మీద పడుతున్నాయి. ఎక్కడో నీటికోడి కూసింది. కాసేపటికి మంచు అక్కడక్కడ విడిపోయి, నీళ్ళ మీద తెల్లగా ఏవో కనిపించాయి. దోనె దగ్గరికి పోయింది. గూడబాతులు! ముక్కు కింద సంచులు వేలాడేసుకుని, పదులు కాదు, వందలు, పెళ్ళి పందిట్లో విందుకి కూర్చున్నట్టు బారులు తీరి ఉన్నాయి. కెమెరా ఎత్తి, అలవాటు కొద్దీ ఏమన్నానో తెలుసా?

"రెడీ... ఇటు చూడండి!"

అని నొక్కాను. నొక్కితే ఫ్లాష్ వెలిగింది. పద్దెనిమిదేళ్ళుగా పెళ్ళి మంటపాల్లో తిరిగిన కెమెరా, దాని నెత్తి మీదనుంచి ఫ్లాష్ దిగిందెప్పుడు! ఆ మంచులో ఒక్కసారి భళ్ళున మెరిసింది. వందల గూడబాతులూ ఒక్కసారి లేచాయి. ఆ రెక్కల గాలికి నీళ్ళు లేచి నా మొహాన కొట్టాయి. దోనె ఊగింది. నేను రెండు చేతులా అంచు పట్టుకున్నాను.

"పిడుగు పడిందనుకున్నానండీ బాబూ!" అని వెనకనుంచి అరిచింది ఆవిడ. "పక్షుల దగ్గర టపాసులు కాలుస్తారేంటండీ? ముందా దీపం పీకేయండి. లేదంటే మిమ్మల్ని ఇక్కడే దింపేసి పోతాను."

"దింపితే ఎలాగమ్మా, లోతు ఎంత?"

"మీ మెడదాకా ఉంటాయిలెండి. కెమెరా నెత్తి మీద పెట్టుకుని నడిచి రండి."

ఫ్లాష్ పీకి సంచిలో వేశాను. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, లోపల మాత్రం ఒకటే గంతులు. ఎన్నాళ్ళయింది నేనిలా ఒక ఫొటో కోసం తిట్లు తిని! గూడబాతులు మా నెత్తి మీద ఒక చుట్టు చుట్టి, కొంత దూరంలో మళ్ళీ వాలాయి. ఆవిడ దోనెని అటే తిప్పింది. ఈసారి నేను నోరు మూసుకున్నాను. తూర్పున మంచు వెనక సూర్యుడు నారింజ రంగులో బయటికి వచ్చాడు, నీళ్ళన్నీ రంగు మారాయి, నేను తీశాను. గడ్డి తీశాను. నత్తలేరుకునే కొంగ ఒంటికాలి మీద నిలబడితే తీశాను. గుర్రపుడెక్క పూలు తీశాను. విరగ్గొట్టిన గట్టు ముక్కొకటి నీళ్ళల్లో వీపు తేల్చి ఉంటే అదీ తీశాను. తీస్తున్నాను, "అబ్బ, అబ్బ" అంటున్నాను. ఈ నీళ్ళు నవ్వమంటే నవ్వవు, పడ్డానా అని అడగవు. నా ఇష్టం. ఒక దశలో కెమెరా పట్టుకుని లేచి నిలబడబోయాను కూడా. ఆవిడ గెడతో నా భుజం మీద ఒకటి వేసి కూర్చోబెట్టింది.

"మనుషుల్ని తియ్యరాండీ?" అంది గెడ వేస్తూ.

"ఇవాళ తియ్యనమ్మా, ఒట్టు పెట్టుకున్నాను."

"నన్ను తియ్యమని కాదండీ. మా అమ్మ ఫొటో ఒకటి చేసి పెడతారేమోనని. చచ్చిపోయినోళ్ళ ఫొటోలు చేస్తారంట కదా మీరు."

చేస్తాం. ఇలాంటివి స్టూడియోకి రోజూ వస్తాయి. గ్రూపు ఫొటోలో ఓ మూల నిలబడ్డ మొహం పట్టుకొస్తే పెద్దది చేసి, దండకి తగ్గట్టు ఫ్రేము కట్టి ఇస్తాం. "ఆవిడ ఉన్న ఫొటో ఏదైనా ఉందా? పెళ్ళిళ్ళల్లోదైనా, రేషన్ కార్డు మీదదైనా?" అన్నాను.

"ఒక్కటీ లేదండీ. ఆవిడ ఎప్పుడూ ఈ నీళ్ళల్లోనే ఉండేది. పొద్దున్నే నన్ను రేవులో కూర్చోబెట్టి, కదలకు అని చెప్పి వెళ్ళిపోయేది. అప్పుడు గట్లు లేవండీ, అంతా ఇలాగే ఉండేది. తర్వాత గట్లొచ్చినాయి. సొసైటీ చెరువులో మాకూ వాటా ఇచ్చారు, బతికాం. ఇప్పుడు గట్లు కొట్టేశారు, ఆ వాటా పోయింది. మా వాళ్ళు ఇంకా ఏడుస్తానే ఉన్నారు. నేనూ ఏడ్చాను. కానీ ఈ నీళ్ళు వచ్చినప్పుడు మాత్రం, మా అమ్మ ఉండుంటే చూసేది కదా అనిపించిందండీ."

నేను నా ఆనందంలో ఉన్నాను. "ఫొటో లేకుండా ఫొటో ఎలా చేస్తానమ్మా, నేనేమన్నా బ్రహ్మనా?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ మాత్రం, "ఆయ్, అదీ నిజమేలెండి" అని గెడ వేసింది.

ఎండ ఎక్కేసరికి వెనక్కి తిరిగాం. రేవు దగ్గర పడుతుంటే కెమెరా కేసి చూసుకుని ఆపేశాను. ఆవిడ గమనించింది.

"అయిపోయాయాండీ?"

"రెండున్నాయి. అవి అప్పగింతలకి."

ఇది మా వృత్తిలో నేను పెట్టుకున్న నియమం. కొత్తల్లో ఒక పెళ్ళిలో సరిగ్గా అప్పగింతల వేళకి రీలు అయిపోయింది. తల్లీ కూతురూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడుస్తున్నారు, నేను ఖాళీ కెమెరా పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల తండ్రి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అప్పట్నుంచీ భూమి బద్దలైనా ఆఖరి రెండు ఫొటోలు ముట్టుకోను. ఇదంతా ఆవిడకి చెప్పాను. చెప్తే దోనె ఊగేలా నవ్వింది.

"నీళ్ళకి అప్పగింతలేంటండీ! పెళ్ళికూతురు గూడబాతా?"

నేనూ నవ్వాను. రేవులో దిగాక ఆవిడకి దణ్ణం పెట్టాను. "మీరు తీసినవాట్లో నాకొకటి చూపించండి బాబూ" అని దోనె తిప్పుకుని మావులు ఎత్తడానికి వెళ్ళిపోయింది. నేను రోడ్డెక్కి వెనక్కి తిరిగి చూశాను. తిరిగి చూడకుండా ఉండలేకపోయాను. మంచు ఇంకా పూర్తిగా పోలేదు. ఎటు చూసినా నీళ్ళే. వాటి మధ్య నిలువుగా ఆవిడ ఒక్కతే. నాకు వీపు పెట్టి, కుడిచేత్తో గెడ పైకెత్తి, ఒంటిని ఒక పక్కకి వంచి, దూరంగా దూరంగా పోతోంది. ఆవిడకి నేను చూస్తున్నట్టు తెలియదు. పిలిచి ఇటు చూడండి అననూ లేదు. మనుషుల్ని తియ్యనన్న ఒట్టు ఎటు పోయిందో, చెయ్యి దానంతటదే లేచింది. ఒకటి నొక్కాను. కంగారులో కెమెరా కదిలి అది మసకబారిందనుకుని ఆ రెండోది కూడా నొక్కేశాను.

ఆ రోజే ఏలూరులో దిగి, కలర్ ల్యాబ్‌లో రీలు ఇచ్చి అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. గంట పడుతుందన్నారు. మొదటి కాన్పుకి ఆస్పత్రి వరండాలో కూర్చున్న మొగుడిలా పది నిమిషాలకోసారి లేచి "అయ్యాయాండీ?" అని అడుగుతూనే ఉన్నాను. చేతికొచ్చాక ఒక్కొక్కటే చూశాను. బూడిద రంగు నీళ్ళు. మళ్ళీ బూడిద రంగు నీళ్ళు. గూడబాతులు బియ్యంలో పురుగులంత ఉన్నాయి. నారింజ సూర్యుడు బల్బులా ఉన్నాడు. ఆ పొద్దున నాకు పట్టిన పూనకం ఒక్కదాంట్లోనూ లేదు. ఏడుపొచ్చింది, నిజంగా. ఇన్నేళ్ళు ఈ పని చేసి, మనుషులు నవ్వకపోతే ఒక్క ఫొటో తీయడం రాదన్నమాట నాకు.

ఇంటికొచ్చి మా ఆవిడ ముందు పడేశాను. ఓపిగ్గా అన్నీ చూసింది. "నీళ్ళు బాగున్నాయండీ" అంది మర్యాదకి. ఆఖరి రెండింట్లో ఒకటి మసకబారిందే, రెండోది మాత్రం చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "ఇదెవరండీ?"

"దోనె నడిపినావిడ. మొహం పడలేదు."

"పడకపోతేనేం" అంది. నేను వినిపించుకోలేదు. బావకి ఔనని చెప్పడానికి అప్పటికే నిశ్చయించుకున్నాను. ఫ్యాను గాలి తగిలే కుర్చీ కళ్ళ ముందు కనిపిస్తోంది.

ఆదివారం వచ్చింది. కైకలూరు బస్సెక్కాను. దారిలో రేవు దగ్గర దిగాను, ఆవిడ అడిగినట్టు ఒక ఫొటో చూపించేసి పోదామని. ఆవిడ ఒడ్డున కూర్చుని మావు అల్లుతోంది. "మొహం పడలేదమ్మా, ఏమీ అనుకోకు" అని ముందే చెప్పి ఆ ఫొటో ఇచ్చాను.

చేతులు చీరకి తుడుచుకుని అందుకుంది. చూసింది. ఎండకి అడ్డంగా చెయ్యి పెట్టుకుని మళ్ళీ చూసింది. నచ్చలేదేమోనని, "పోనీ ఇంకోసారి ఎదురుగా నిలబెట్టి తీస్తాలే" అన్నాను.

"ఇది నేను కాదండీ" అంది.

"నువ్వేనమ్మా, ఆ రోజు నన్ను దింపి వెళ్తుంటే..."

"కాదు బాబూ. మా అమ్మ."

నేను వంగి ఆ ఫొటో కేసి మళ్ళీ చూశాను.

"రేవులో కూర్చోబెట్టి పోయేదని చెప్పాను కదండీ. నాకు ఇలాగే కనపడేది. ఇదిగో, ఇలా ఒక పక్కకి వంగే గెడ వేసేది. గట్టు లేదు, ఏమీ లేదు, నీళ్ళల్లో ఒక్కతే. చీకటి పడేదాకా రాదు, నేను ఏడుస్తా చూస్తా ఉండేదాన్ని. మా అమ్మ మొహం నాకిప్పుడు సరిగ్గా గుర్తు రాదండీ. వీపే గుర్తు." ఫొటో గుండెలకి హత్తుకుని భోరుమంది. ఏడుస్తూనే నన్ను చూసి, "లేదన్నారు. బ్రహ్మను కాదన్నారు. ఎలా చేశారండీ?" అంది.

నేను చేయలేదు. అప్పగింతల కోసం దాచుకున్న రెండో ఫొటో అది, కంగారులో నొక్కింది. ఇన్నేళ్ళూ జనాన్ని నా వైపు తిప్పుకుని నవ్వించాను. వాళ్ళు ఎటు చూస్తున్నారో ఒక్కసారీ చూడలేదు. నా కళ్ళమ్మట కూడా నీళ్ళు కారుతున్నాయి, దాచుకోలేదు. ఆవిడ ముక్కు చీదుకుని, "ఇంకో రెండు కావాలండీ. మా చెల్లికొకటి, తమ్ముడికొకటి" అంది. సరే అన్నాను.

కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి బావ షట్టర్ ఎత్తి నాకోసం చూస్తున్నాడు. నా మొహం చూడగానే అర్థమైపోయిందాయనకి.

"ఆ ఇంకొకాయనకే ఇచ్చెయ్యి బావా" అన్నాను.

"ఏం చేస్తావు మరి?"

"ఏముంది, పెళ్ళిళ్ళే."

"పిచ్చి బావా నీకు" అన్నాడు. అని, టీ తెప్పించాడు.

మాఘమాసం మొదటి ముహూర్తానికే గూడెం పక్కన ఒక పల్లెలో పెళ్ళి. అప్పగింతల వేళ అందరూ కారు చుట్టూ మూగారు. పెళ్ళికూతురు కార్లోంచి చెయ్యి ఊపుతోంది. ఇదివరకైతే నేను కారు ముందుకి ఉరికి, తల్లినీ కూతుర్నీ చెరోపక్కా నిలబెట్టేవాణ్ణి. ఆ రోజు ఉరకలేదు. తల్లి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. కారు కదిలింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వీధి చివరిదాకా చూస్తూ అలాగే నిలబడిపోయింది. నేను కెమెరా ఎత్తాను.

"గురువుగారూ, ఆవిడ అటు తిరిగి ఉందండీ. ఇటు చూడమని చెప్పండి" అన్నాడు పక్కనుంచి ఎవరో చుట్టం.

నేను చెప్పలేదు.